సైకిలు అన్నం పెడుతుందా?

మా ప్రాంతంలో సైకిలంటే బండి కిందే లెక్క. అది ఆటవస్తువని ఎవరూ అనుకోలేదు. హిందూపురం మార్కెట్టుకు చింతపండు మూట వేసుకొచ్చే రైతూ, ధర్మవరంలో పట్టునూలు క్యారియరుకు కట్టుకుని మగ్గాలవారి ఇళ్ళకు తిరిగే మనిషీ, పెనుకొండ వీధుల్లో తెల్లవారకముందే పాలక్యాన్లు మోగించుకుంటూ పోయే పాలాయనా - అందరికీ అది నోరులేని ఎద్దు. మేత అడగదు, కుడితి అడగదు. అప్పుడప్పుడు గొలుసుకు చుక్క నూనె, చక్రానికి కాస్త గాలి ఉంటే చాలు. బండలాగుడు పందేలకని ఎద్దులను మేపేవాళ్ళు మా పక్క ఉన్నారు గాని, సైకిలును పందేనికి తోలడమన్న మాట మొన్నమొన్నటి దాకా మా ఇంట్లో వినపడలేదు.

ఆ మాటకొస్తే నేనూ సైకిలు తొక్కి బతికినవాణ్ణే. తపాలా శాఖలో ఉత్తరాలు పంచే ఉద్యోగం నాది. హిందూపురంలో కొన్నేళ్ళు, పెనుకొండలో కొన్నేళ్ళు, చివరకు ధర్మవరంలో విరమణ. సైకిలు మరమ్మతుకని నెలనెలా ఏదో కాస్త భత్యం కూడా ముట్టేది. తొక్కినందుకు డబ్బు పుచ్చుకునేవాడు వృత్తి సైకిలిస్టు అయితే, నా పేరు కూడా ఆ జాబితాలో చేరవలసిందే గదా! ఈ మాట అన్నందుకు మా తమ్ముడి మనవడు పడిపడి నవ్వాడు. "తాతా, నీ వేగానికి దీపావళి కార్డులు సంక్రాంతికి చేరుంటాయి" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది వాడి సంగతే. వాడితోపాటు, పోలండు దేశంలో ఒక పెద్దమనిషి సంగతీను. ఈ ఇద్దరికీ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేనూ మొదట అట్లాగే అడిగాను.

మావాడిది హిందూపురం. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. రెండేళ్ళు పండగ డబ్బులు కూడబెట్టి, తక్కువ పడింది వాళ్ళమ్మ చేత పెట్టించి, గేర్ల సైకిలు ఒకటి కొన్నాడు. ఒక్క చేత్తో ఎత్తవచ్చు. వంగితే గాని హ్యాండిలు అందదు. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరి, కొండను ఒకమారు తలెత్తి చూసి, ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాడు. రానూపోనూ సుమారు 80 కిలోమీటర్లు. కొన్ని ఆదివారాలు ధర్మవరం దాకా వచ్చేసి, మా ఇంట్లో రెండు ప్లేట్ల ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిని, సైకిలును రైలెక్కించకుండా మళ్ళీ తొక్కుకుంటూనే పోయేవాడు.

ఇంత దాకా ఎవరికీ అభ్యంతరం లేదు. పరీక్షలు నెలన్నర ఉన్నాయనగా వాడు డిగ్రీ వద్దన్నాడు. సైకిలు పందేల్లో చేరతానన్నాడు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినట్టయింది. మా తమ్ముడి కొడుకు నాకు కబురు పెట్టాడు. వాడికి బజారులో చిన్న బట్టల కొట్టు ఉంది.

"పెద్దనాయనా, వీడు నా మాట వినడు. నువ్వయితే ఇంట్లో పెద్దవాడివి. సైకిలు అన్నం పెడుతుందా అని నువ్వే అడుగు" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడిన కోడలు, "అన్నం సంగతి తర్వాత మామా. మొన్న కంకర మీద జారి మోకాలు చెక్కుకొని వచ్చినాడు. లారీలు తిరిగే దోవ. వీడు బయలుదేరినప్పట్నుంచి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు" అంది.

వాడు మాత్రం ఏమీ అనలేదు. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో ఏదో దేశంలో గోధుమచేల మధ్య వందమందికి పైగా సైకిళ్ళ మీద తేనెటీగల గుంపులాగా పోతున్నారు. ఊళ్ళలో ముసలివాళ్ళు కుర్చీలు వేసుకుని వాకిట్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. చివరన ఒక నెరసిన తల పెద్దాయన కనపడ్డాడు. "ఈ పందేన్ని నిలబెట్టింది ఈయనే తాతా. ఒకప్పుడు ఈయనా తొక్కినాయనే. ముందు ఈయన కథ చదువు. తర్వాత నువ్వేం చెప్పినా వింటా" అన్నాడు.

బేరం బాగానే ఉందనిపించింది. వారం రోజులు అదే పనిగా చదివాను.

ఆయన పేరు చెస్వాఫ్ లాంగ్. 1955లో పోలండు ఉత్తరభాగాన కోవ్చిగ్వోవీ అనే పల్లెలో పుట్టాడు. ఆ పేరు పలకడానికి నాకు ఒక పూట పట్టింది. మన సోమందేపల్లి పేరు పలకడానికి వాళ్ళకెంత పడుతుందో అనుకుని సమాధానపడ్డాను.

రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన దేశం అది. యుద్ధం ముగిసి మూడేళ్ళు తిరక్కుండానే, 1948లో, వార్సాలో ఒక పత్రికా ప్రాగ్‌లో ఒక పత్రికా కలిసి ఆ రెండు నగరాల మధ్య సైకిలు పందెం పెట్టించాయి. దానికి శాంతి పందెం అని పేరు. తర్వాత తర్వాత బెర్లిను కూడా కలిసింది. ఏటేటా మే నెల వస్తే మనకు క్రికెట్టు ఎట్లాగో వాళ్ళకు అది అట్లా. ఆ పందేన్ని రిషార్డ్ షుర్కోవ్‌స్కీ అనే పోలండు వీరుడు 1970, 1971, 1973, 1975 సంవత్సరాల్లో నాలుగుసార్లు గెలిచాడు. ఆయన గురించి ఒక ముచ్చట చెప్పాలి. తమ దేశపు జాతీయ పోటీలో తన ప్రత్యర్థి సైకిలు చెడిపోతే, తన దగ్గర అదనంగా ఉన్న సైకిలును ఇప్పించాడు. ఆ ప్రత్యర్థే గెలిచాడు, షుర్కోవ్‌స్కీ వెనకబడ్డాడు. పందేలన్నీ మరిచిపోయినవారికి కూడా ఈ సంగతి గుర్తుండిపోయింది.

ఇంతటివాడు కూడా తొక్కుడును వృత్తిగా పెట్టుకోలేకపోయాడు. ఎందుకంటే, అప్పట్లో తూర్పు యూరపు దేశాల్లో ఆట ఆడి జీతం పుచ్చుకోవడం పెట్టుబడిదారుల పద్ధతి కింద లెక్క. ఆటగాళ్ళంతా పేరుకు సైనికులో, ఫ్యాక్టరీ పనివాళ్ళో. చేసేది మాత్రం తెల్లవారింది మొదలు సైకిలు తొక్కడమే. ఫ్రాన్సులో, ఇటలీలో జరిగే పెద్ద పందేలు వాళ్ళకు గోడ అవతలి సంగతి.

లాంగ్ ఈ తోటలోనే పెరిగిన మొక్క. 1980లో మాస్కో ఒలింపిక్సు జరిగాయి. మన వాళ్ళు హాకీలో బంగారు పతకం తెచ్చినది ఆ ఏడే. ఆ వార్త విన్నప్పుడు నేను పెనుకొండలో ఉన్నాను. ఆఫీసులో అందరమూ మిఠాయి పంచుకున్నాం. అదే ఒలింపిక్సులో, 189 కిలోమీటర్ల రోడ్డు పందెంలో, లాంగ్ రెండోవాడిగా వచ్చి వెండి పతకం పుచ్చుకున్నాడు. మొదట వచ్చిన సోవియట్ సైకిలిస్టు సుఖొరుచెన్‌కోవ్ అతనికన్నా దాదాపు 3 నిమిషాలు ముందు చేరాడు. ఆ ఏడే తమ దేశపు పందెం టూర్ ద పొలోన్యను లాంగ్ గెలిచాడు. వయసు 25. చేతిలో పతకం ఉంది. ఇంకో నాలుగేళ్ళు ఇట్లాగే ఉంటే ఇంకో ఒలింపిక్సు వస్తుంది.

అప్పుడు అతను చేసిన పని నన్ను ఆపి ఆలోచింపజేసింది. 1981 డిసెంబరులో పోలండులో సైనిక శాసనం వచ్చింది. వీధుల్లో ట్యాంకులు తిరిగాయి. మరుసటి ఏడు, 1982లో, సర్కారు అనుమతి సంపాదించుకుని, ఇటలీలో గిస్ జెలాటి అనే ఐస్‌క్రీము కంపెనీవారి జట్టులో జీతానికి చేరాడు. తూర్పు కూటమి దేశాల నుంచి వృత్తి పందెగాడైన మొదటివాడిగా అతన్ని చెబుతారు. ఆ రోజుల్లో జీతగాళ్ళకు ఒలింపిక్సులో చోటులేదు. సైకిలు పోటీల్లో ఆ తలుపు తెరుచుకున్నది 1996లో, అట్లాంటాలో. అంటే ఇటలీ జట్టు కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే లాంగ్ బంగారు పతకం ఆశకు కూడా నీళ్ళు వదులుకున్నాడన్నమాట.

పోనీ, అక్కడ పోయి రాజ్యం ఏలాడా? లేదు. వృత్తి పందెంలో జట్టుకు ఒక నాయకుడుంటాడు. మిగిలినవాళ్ళు అతని కోసం తొక్కుతారు. వెనక కారు దాకా జారి నీళ్ళసీసాలు తెచ్చేది వాళ్ళే, నాయకుడి చక్రం పంచరైతే తమది విప్పి ఇచ్చేది వాళ్ళే. అన్నిటికన్నా ముఖ్యం, గాలికి అడ్డం నిలిచేది వాళ్ళే. ఫ్రెంచివాళ్ళు వీళ్ళను పిలిచే పేరుకు ఇంటి నౌకరనే అర్థం.

గాలి సంగతి మా పక్కవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆషాఢమాసం వస్తే ధర్మవరం వైపు గాలి మనిషిని పట్టుకుని వెనక్కి తోస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. ఉద్యోగంలో ఉండగా ఎదురుగాలి రోజుల్లో మేము ముగ్గురు నలుగురం ఒకరి వెనక ఒకరం వరసగా తొక్కేవాళ్ళం. ముందున్నవాడి రొమ్ముకు గాలి, వెనకున్నవాడికి ఆ వీపే చాటు. మూడోవంతు బలం దాకా మిగులుతుందని ఇప్పుడు లెక్కలు కట్టి చెబుతున్నారు. మేము లెక్క కట్టలేదు గాని, ముందున్నవాడు అలిసిపోతే పక్కకు తప్పుకుని వెనక్కి రావడం, తర్వాతివాడు ముందుకు పోవడం ఎవరూ నేర్పకుండానే మాకు వచ్చింది. కుటుంబాలు నడిచేది కూడా ఇట్లాగే గదా!

లాంగ్ ఇట్లా ఇతరుల గాలి తాను తింటూ 1989 దాకా తొక్కాడు. తన పేరు మీద గెలుపులు లేకపోలేదు. 1988లో ఇటలీలో ఇద్దరేసి జంటగా తొక్కే బరాకి ట్రోఫీ పందేన్ని అతనూ, లెఖ్ ప్యాసెట్స్‌కీ అనే మరో పోలండువాడూ కలిసి గెలిచారు. ఈ ప్యాసెట్స్‌కీ అంతకుముందు ఏడే, 1987లో, టూర్ ద ఫ్రాన్సులో పసుపుపచ్చ చొక్కా తొడిగాడు. పందెంలో ముందున్నవాడు వేసుకునే చొక్కా అది. తూర్పు కూటమివాళ్ళలో దాన్ని మొదట తొడిగినవాడు అతనే. ఒకడు తలుపు తీస్తే రెండోవాడు ఎంత దూరం పోయాడో చూడండి.

1989లో లాంగ్ సైకిలు దిగాడు. అదే ఏడు పోలండులో పాత ప్రభుత్వమూ దిగిపోయింది. దేశం మారింది గాని, డబ్బు లేదు. 1928లో ఒక సైకిలు సంఘమూ ఒక క్రీడాపత్రికా కలిసి మొదలుపెట్టిన టూర్ ద పొలోన్య పందెం పాతబడిన జాతరలాగా మిగిలింది. ఇటలీలో సంపాదించుకున్న పరిచయాలతో, నేర్చుకున్న పద్ధతులతో లాంగ్ 1993లో ఆ పందేన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. పన్నెండేళ్ళలో, అంటే 2005 నాటికి, అది ప్రపంచంలోని అగ్రశ్రేణి పందేల వరసలో చేరింది. పెద్దవాళ్ళ పందేనికి తోడుగా పిల్లలకూ పందేలు పెట్టించాడు.

ఆ 1993లోనే జెనోన్ యాస్కూవా టూర్ ద ఫ్రాన్సులో మూడోవాడుగా నిలిచాడు. అంతకుముందు ఏ పోలండువాడూ ఆ మెట్టు ఎక్కలేదు. 2014లో మిఖావ్ క్వియాత్‌కోవ్‌స్కీ ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడు రఫావ్ మైకా టూర్ ద ఫ్రాన్సులో కొండల వీరుడికిచ్చే చుక్కల చొక్కా గెలిచి, 2016లో మళ్ళీ గెలిచి, రియో ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చాడు. ఇంతటి మైకా తన చివరి అయిదేళ్ళూ స్లొవేనియా వీరుడు పొగాచార్ జట్టులో, అతని ముందు గాలికి అడ్డంగా తొక్కి, 2025 చివర విరమించాడు. అందులో అతనికి చిన్నతనం కనపడలేదు.

ఇదంతా చదివి మావాడి పక్షం చేరిపోయానని అనుకోకండి. కోడలి మాట నా చెవిలో ఉంది. ఆమె భయానికి కూడా ఆ కథలోనే సాక్ష్యం దొరికింది. 2019 ఆగస్టులో ఇదే పోలండు పందెంలో బెల్జియం కుర్రవాడు బ్యోర్గ్ లాంబ్రెఖ్త్ పడిపోయి ప్రాణం విడిచాడు. 22 ఏళ్ళు. మరుసటి ఏడు కాటోవిట్సే ఊరిలో గెలుపుగీత దగ్గర హాలెండువాడు ఫాబియో యాకోబ్సెన్ అడ్డుకంచెల మీద పడి రోజుల తరబడి స్పృహ లేకుండా ఉన్నాడు. బతికి, 2021లో మళ్ళీ పెద్ద పందేల్లో గెలిచాడు. నాలుగుమార్లు శాంతి పందెం గెలిచిన షుర్కోవ్‌స్కీ 2018లో జర్మనీలో పాతకాపుల పందెంలో పడి కాళ్ళూ చేతులూ చచ్చుబడి, 2021 ఫిబ్రవరిలో 75వ ఏట కన్నుమూశాడు. తల్లి ముద్ద దిగదన్నప్పుడు అది అజ్ఞానమని తీసిపారేయడానికి లేదు.

మరుసటి ఆదివారం హిందూపురం పోయాను. అందరినీ కూర్చోబెట్టి ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. పడినవాళ్ళ సంగతి కూడా దాచలేదు. అప్పుడు మావాడి ముఖం కాస్త వాడింది.

"అయితే పెద్దనాయనా, అన్నం పెడుతుందా పెట్టదా? అది చెప్పు" అన్నాడు మా తమ్ముడి కొడుకు. కొట్టు నడిపేవాడు గదా, చివర అంకె అడగకుండా ఉండడు.

"లాంగ్‌కు ఏడెనిమిదేళ్ళు పెట్టింది నాయనా. ఆ తర్వాత ఆయనే సైకిలుకు అన్నం పెట్టాడు" అన్నాను. "మన దేశంలో పెట్టే చేతులు తక్కువ. రైల్వేవారికీ, సైన్యంవారికీ సైకిలు జట్లున్నాయి. బాగా తొక్కేవాళ్ళకు ఉద్యోగం దొరుకుతుంది. ఢిల్లీలో చెక్కబాట మీద తర్ఫీదు ఇస్తున్నారు. అండమాను దీవులనుంచి వచ్చిన ఎసో ఆల్బెన్ అనే కుర్రవాడు 2018లో ప్రపంచ జూనియర్ పోటీల్లో వెండి తెచ్చాడు. మరుసటి ఏడు జట్టుతో కలిసి బంగారం తెచ్చాడు. దీవుల్లో పుట్టినవాడికి దారి దొరికిందంటే హిందూపురంవాడికి దొరకదని చెప్పలేం. దొరుకుతుందనీ చెప్పలేం. వందమంది తొక్కితే ఒకడి పేరు పత్రికలో పడుతుంది. మిగతా తొంభై తొమ్మిది మందీ ఆ ఒకడికి గాలి కాసినవాళ్ళు. ఆ తొంభై తొమ్మిదిలో ఉండడానికి ఇష్టమైతేనే వీడు పోవాలి."

వాడివైపు తిరిగి అడిగాను: "ఏమిరా అబ్బీ, గెలవకపోయినా తొక్కుతావా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం నాకు నచ్చింది. కాసేపటికి, "ముందు గాలి కాయడం నేర్చుకుంటా తాతా" అన్నాడు.

చివరకు ఇంట్లోవాళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. పరీక్షలు రాయాలి, డిగ్రీలో చేరాలి. చదువు సాగుతుండగానే రెండేళ్ళు పోటీలకు పోవచ్చు. అప్పటికి రాష్ట్రం జట్టులో చోటు దొరక్కపోతే సైకిలు సరదాకు మిగులుతుంది. తలకు హెల్మెట్టు లేకుండా గడప దాటకూడదు. పెద్ద రోడ్డు మీద ఒంటరిగా పోకూడదు. నలుగురిని కూడగట్టుకుని పోవాలి. ఈ ఆఖరి షరతు కోడలిది. సైకిలు శాస్త్రం అంతా చదివిన నాకు తోచని సంగతి ఆమెకు తోచింది: గుంపులో ఉన్నవాడికి గాలీ తగ్గుతుంది, లారీవాడికీ కనపడతాడు. ఇప్పుడు వాడి వెంట ముగ్గురు పిల్లలు తయారయ్యారు. అందులో ఒక అమ్మాయి కొండ ఎక్కడంలో మావాణ్ణి వెనకేస్తున్నదట. వాడు చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పి మురిసిపోయింది.

నాకొకటి తోస్తుంది. పెనుకొండ పక్కన 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కంపెనీ, 1944లో కొరియాలో సైకిలు సామానూ ఉక్కు గొట్టాలూ చేసే కర్మాగారంగా మొదలైంది. ఆ దేశంలో తయారైన మొదటి సైకిలు 1952లో వాళ్ళ చేతుల మీదుగానే వచ్చింది. అంత పెద్ద కంపెనీకి సైకిలు మొదటి మెట్టయినప్పుడు, మన పిల్లలకు మాత్రం అది చిన్నతనం ఎందుకు కావాలి? ఫ్రాన్సు పందేన్ని 1903లో మొదలుపెట్టింది ఒక పత్రిక. పోలండు పందెం వెనకా పత్రికే. శాంతి పందెం వెనకా పత్రికలే. వాళ్ళు పందెం పెట్టింది అమ్మకం పెంచుకోవడానికే కావచ్చు. ఊరూరా జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు, పిల్లలు చూశారు, చూసినవాళ్ళలోనుంచే లాంగ్‌లు పుట్టారు.

హిందూపురంలో బయలుదేరి, పెనుకొండలో కొండ నీడన ఒక నిమిషం ఆగి, ధర్మవరంలో ముగిసే పందెం ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది! పెద్ద సొమ్ము అక్కరలేదు. ఆ పూట రోడ్డు మీద లారీలు ఆపగల అధికారులూ, ఒక ఆసుపత్రి బండీ, ఊరికి పదిమంది కుర్రవాళ్ళూ చాలు. గెలిచినవారికి ధర్మవరం పట్టు ఉత్తరీయం కప్పవచ్చు. చివర వచ్చినవారికి మజ్జిగ నేను పోస్తాను. ఎదురుగాలి ఎక్కువ తిన్నది వాళ్ళే కదా.